కాలేయ వ్యాధిలో శివారు నరాలు

దీర్ఘకాలిక కాలేయ వ్యాధి పొట్టతో ఆగిపోయే జబ్బు కాదు. కాలేయం ఏళ్ళ తరబడి వాచి, మచ్చలు కట్టి, గట్టిపడుతూ సిరోసిస్ దశకు చేరేలోగా చాలామందిలో కాళ్ళ నరాలు కూడా దెబ్బతింటాయి. మెదడు, వెన్నుపాము దాటాక ఒళ్ళంతా అల్లుకునే ఈ నరాలను వైద్యశాస్త్రం పరిధీయ నరాలు అంటుంది. స్పర్శ, నొప్పి, వేడి, చల్లదనం తెలియడం, కండరం కదలడం, కళ్ళు మూసుకున్నా కాలు ఎక్కడుందో తెలియడం, చెమట పట్టడం, లేచి నిలబడినప్పుడు రక్తపోటు పడిపోకుండా నిలవడం అన్నీ వీటి పనే. కామెర్లు కళ్ళలో కనిపిస్తాయి. పొట్టలో చేరిన నీరు పంచె కట్టు దగ్గర తెలిసిపోతుంది. నరాల దెబ్బ మాత్రం చాలాకాలం బయటపడదు. రోగి చెప్పడు, ఎందుకంటే అతనికే తెలియదు. వైద్యుడే వెతకాలి. వెతికితే మొదటి విడత పరీక్షకు ఒక శ్రుతిదండం, ఒక నైలాన్ పోగు, కాస్త దూది, పది నిమిషాల సమయం చాలు.

దెబ్బ కాళ్ళ నుంచే ఎందుకు మొదలవుతుందన్నది ముందు తెలియాలి. నడుము దగ్గర వెన్నులో మొదలై కాలి బొటనవేలి దాకా పోయే నరపు తంతువు పొడవు ఇంచుమించు ఒక మీటరు. ఆ తంతువుకు కావలసిన సరుకంతా వెన్ను పక్కనున్న కణంలో తయారై, అక్కడి నుంచి కొసదాకా ప్రయాణం చెయ్యాలి. వేగంగా పోయే సరుకు రోజుకు 20 నుంచి 40 సెంటీమీటర్లు కదులుతుంది; నెమ్మదిగా పోయేది రోజుకు కొన్ని మిల్లీమీటర్లు. గోదావరిలో ధవళేశ్వరం దగ్గర నీరు తగ్గిన ఏడాది ముందుగా ఎండేది తూము పక్క పొలం కాదు, మొగల్తూరు, అంతర్వేది వైపున్న శివారు ఆయకట్టు. నరాలదీ అదే లెక్క. ఒంట్లో ఎక్కడ పోషణ తగ్గినా, విషపదార్థం పేరుకున్నా, ఆ ఎద్దడి మొదట తగిలేది అన్నిటికన్నా పొడుగాటి తంతువుల కొసలకే. అందుకే స్పర్శ ముందు రెండు పాదాల వేళ్ళలో పోతుంది, తర్వాత మేజోడు తొడిగినంత మేర పైకి పాకుతుంది. మోకాళ్ళ దాకా వచ్చేసరికి చేతి వేళ్ళ కొసలు కూడా మొద్దుబారడం మొదలవుతుంది, ఎందుకంటే అక్కడిదాకా వచ్చే తంతువుల పొడవు కూడా దాదాపు అంతే. రెండు కాళ్ళకూ సమానంగా, కింది నుంచి పైకి అన్న ఈ తీరు రోగ నిర్ధారణలో మొదటి ఆనవాలు.

ఇక కాలేయానికీ నరానికీ ఉన్న సంబంధం. పెద్దవాళ్ళలో కాలేయం బరువు ఇంచుమించు ఒకటిన్నర కిలో. పేగుల నుంచి వచ్చే రక్తమంతా దానిలోనుంచి వడకట్టుకుని పోవాలి. కాలేయం గట్టిపడినప్పుడు ఆ రక్తం పక్కదారులు తొక్కి, వడపోత లేకుండానే ఒళ్ళంతా తిరుగుతుంది. అమ్మోనియా లాంటి పదార్థాలు పేరుకుంటాయి. ఇన్సులిన్ పని మందగించి చక్కెర అదుపు తప్పుతుంది. తగ్గని వాపు వల్ల రక్తంలో తిరిగే రసాయనాలు నరాల తొడుగు కణాలను వేధిస్తాయి. మరోవైపు విటమిన్ల కొట్టు ఖాళీ అవుతుంది. బి12ను కొన్నేళ్ళకు సరిపడా దాచేది కాలేయమే. థయమిన్ అనే బి1ను నిలవ ఉంచి, ఒంటికి పనికొచ్చే రూపంలోకి మార్చడంలోనూ దానికి పెద్ద పాత్ర ఉంది. పిత్తం దిగని జబ్బుల్లో కొవ్వులో కరిగే విటమిన్ ఇ పేగుల నుంచి ఒంటికి పట్టదు. పిల్లల్లో ఇది నరాలను బాగా దెబ్బతీస్తుంది. ఒకే రోగిలో ఈ కారణాలు రెండు మూడు కలిసి పనిచేస్తాయి కాబట్టి తప్పంతా ఒక్కదాని మీద వేయడం సాధారణంగా సాధ్యం కాదు.

చాలాకాలం పాటు ఈ తప్పంతా మద్యం మీదనే వేశారు. మద్యం నరాలకు విషమన్నది నిజమే. తాగేవారి కంచంలో అన్నం తగ్గిపోవడం వల్ల థయమిన్ కొరత ఏర్పడి దెబ్బ రెట్టింపవుతుందన్నదీ నిజమే. అయితే 1967లో లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రి కాలేయ విభాగానికి చెందిన రోజర్ విలియమ్స్, నాడీ కణజాల నిపుణుడు డేయన్ కలిసి కాలేయ రోగుల నరాల్లో మైలిన్ తొడుగు ఊడిపోతున్న సంగతిని లాన్సెట్ పత్రికలో వెల్లడించారు. 1972లో అదే బృందం 70 మంది రోగులను పరీక్షించింది. కొందరి పిక్క నరం నుంచి సన్నటి ముక్క తీసి, తంతువులను ఒక్కొక్కటిగా విడదీసి సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు, తొడుగు అక్కడక్కడ ఊడి మళ్ళీ కట్టుకున్న జాడలు కనిపించాయి. 1999లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు కాలేయ మార్పిడికి ఎదురుచూస్తున్న వారిని పరీక్షించి, చివరి దశ కాలేయ వ్యాధిలో పరిధీయ నరాల దెబ్బ, చెమట, రక్తపోటు లాంటివాటిని నడిపే అసంకల్పిత నరాల దెబ్బ రెండూ మామూలేనని తేల్చారు. మద్యం ముట్టని వారిలోనూ ఇవి కనిపిస్తాయి. గోదావరి జిల్లాల్లో ఈ విషయం గట్టిగా చెప్పుకోవలసిన అవసరం ఉంది. హెపటైటిస్ బి వల్లనో, కొవ్వు పేరుకోవడం వల్లనో కాలేయం చెడిన ఇల్లాలు కాళ్ళు మొద్దుబారుతున్నాయంటే, తాగుడు అలవాటు లేని మనిషికి నరాలెందుకు పోతాయని ఆ మాటను కొట్టిపారేయకూడదు. తాగే మనిషి విషయంలోనైతే ఇంకో అన్యాయం జరుగుతుంది: తాగుడు వల్లేనని ముద్ర వేసేసి మిగతా కారణాలు వెతకడం మానేస్తారు.

నరాలు కింది నుంచి పైకి దెబ్బతినే జబ్బు ఈ ప్రాంతానికి కొత్తది కాదు. ఒకప్పటి ఉత్తర సర్కారు జిల్లాలు బెరిబెరి జబ్బుకు పేరుమోసినవి. మాల్కమ్‌సన్ అనే సైనిక వైద్యుడు ఆ జబ్బు మీద రాసిన గ్రంథం 1835లో మద్రాసులో అచ్చయింది. కాళ్ళు మొద్దుబారడం, వాపు, నడక తప్పడం, గుండె బలహీనపడటం అందులో వివరంగా ఉన్నాయి. కారణం ఏమిటో తేలడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది. 1935 నుంచి కూనూరు పోషకాహార పరిశోధనశాలకు సంచాలకుడిగా ఉన్న ఐక్రాయిడ్, ఆయన సహచరులు 1940లో భారతదేశపు బియ్యం సమస్య మీద ప్రచురించిన నివేదికలో సర్కారు జిల్లాల బెరిబెరికి మరపట్టిన పచ్చి బియ్యంతో ఉన్న ముడిని చూపించారు. పాలిష్ పట్టినప్పుడు తవుడుతో పాటు థయమిన్ పోతుంది, బియ్యం కడిగినప్పుడు కొంత పోతుంది, గంజి వార్చినప్పుడు మరికొంత పోతుంది. ధాన్యాన్ని ఉడకబెట్టి ఆరబెట్టాక మరపట్టే ఉప్పుడు బియ్యంలో థయమిన్ గింజ లోపలికి ఇంకి, పాలిష్‌కు నిలుస్తుంది. మండపేట, రామచంద్రపురం వైపు మిల్లుల్లో ఉప్పుడు బియ్యం పెద్ద ఎత్తున తయారై కేరళకు పోతుంటే, డెల్టా ఇళ్ళలో మాత్రం తెల్లటి పచ్చి బియ్యం అన్నమే వండుతారు. కూర, పప్పు, చేప, గుడ్డు పక్కన ఉన్నంతకాలం దీనివల్ల ఇబ్బంది లేదు. కాలేయం చెడి ఆకలి చచ్చిపోయి, రోజూ నాలుగు ముద్దలు మజ్జిగన్నంతో సరిపెట్టుకునే మనిషికి పాత కొరత మళ్ళీ తిరిగి వస్తుంది.

కాలేయంలో నరాలకు కావలసిన పోషకాలు ఉంటాయన్న జ్ఞానానికి కూడా డెల్టాతో అనుబంధం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లోనూ తర్వాత లెడర్లీ సంస్థలోనూ కాలేయ సారం నుంచి రక్తహీనతను తగ్గించే పదార్థాలను విడదీసే పనిలో ఏళ్ళు గడిపాడు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణను ప్రకటించింది. తర్వాత వైద్యులు గమనించిన ఒక సంగతి ఇక్కడ ముఖ్యం: బి12 కొరత ఉన్న రోగికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం కోలుకున్నట్టు కనిపిస్తుంది, నరాల దెబ్బ మాత్రం ముందుకు సాగుతూనే ఉంటుంది. రక్తం బాగుపడింది కదా అని పాదాలు చూడకపోతే అసలు నష్టం అక్కడ జరిగిపోతుంది.

పరీక్ష మాటలతో మొదలవుతుంది. తెలుగులో ఆ మాటల దగ్గరే ఒక చిక్కుంది. నరం అన్న మాట వాడుకలో రక్తనాళానికీ, కండరాన్ని ఎముకకు కట్టే పట్టీకీ, అసలు నరానికీ సమానంగా వర్తిస్తుంది. నరానికి సూది పొడిచారంటే సిర అని అర్థం. నరం పట్టేసిందంటే చాలావరకు కండరం బిగిసిందని అర్థం. నరాల బలహీనత అన్న మాట గోడల మీద ప్రకటనల వల్ల పూర్తిగా వేరే అర్థం తెచ్చుకుంది. కాబట్టి నరాలు ఎలా ఉన్నాయని అడిగితే పనికొచ్చే జవాబు రాదు. అరికాళ్ళు మండుతున్నాయా, చీమలు పాకినట్టుందా, తిమ్మిరెక్కుతోందా, దూది మీద నడిచినట్టుందా, చెప్పు జారిపోయినా తెలియడం లేదా అని విడివిడిగా అడగాలి. చివరి ప్రశ్నకు అవునన్న జవాబు వస్తే అది చాలా బరువైన జవాబు. తలకు నీళ్ళు పోసుకుంటూ కళ్ళు మూసుకోగానే తూలుతున్నారా అన్నది ఇంకో మంచి ప్రశ్న. కాలు ఎక్కడుందో నరం చెప్పనప్పుడు ఆ పని కన్ను చేస్తుంది. కన్ను మూసుకుంటే ఆధారం పోతుంది. లంక గ్రామాల వారిలో ఇది పంటు ఎక్కేచోట బయటపడుతుంది. రేవు మీద నుంచి పంటు బల్ల మీదికి అడుగు వేసేటప్పుడు, అంతకుముందు ఎప్పుడూ చూసుకోని మనిషి పాదం వంకే చూస్తూ, పక్కవాళ్ళ భుజం పట్టుకుని దాటుతాడు. మునిమాపు వేళ ఇది ఇంకా ఎక్కువవుతుంది.

పిక్కలు పట్టేయడాన్ని మాత్రం వేరుగా చూడాలి. సిరోసిస్ రోగుల్లో రాత్రిపూట పిక్కలు కొంకర్లు పోవడం చాలా మామూలు, నరాలు బాగున్నవారిలోనూ వస్తుంది. పిత్తం నిలిచిపోయినప్పుడు వచ్చే దురదను కూడా కొందరు మంట అని చెబుతారు.

తర్వాత పాదాలు చూడాలి. చెప్పులు విప్పించి, మంచం మీద పడుకోబెట్టి, కాళ్ళు వెలుతురులో పెట్టి చూడాలి. ఇది చెప్పనక్కర్లేని మాటలా అనిపించవచ్చు, కానీ రద్దీగా ఉండే ఓపీలో పొట్ట తడిమి కళ్ళు చూసి పంపించేటప్పుడు మొదట ఎగిరిపోయేది ఇదే. చేపల చెరువులో దిగే మనిషికి ముల్లు గుచ్చుకుని, అది తెలియక చీము పట్టి ఉండవచ్చు. నాట్ల కాలంలో వేళ్ళ సందులు ఒరిసి పుండు పడి ఉండవచ్చు. నొప్పి లేని పుండు నరం చచ్చుబడిందని చెప్పే బలమైన సాక్ష్యం. కాలి వెంట్రుకలు రాలడం, చర్మం నిగనిగలాడుతూ పొడిబారడం, వేళ్ళు కొంగపంజాలా వంగడం కూడా ఆనవాళ్ళే.

స్పర్శ పరీక్షలో శ్రుతిదండానిది మొదటి స్థానం. సెకనుకు 128 సార్లు కంపించే దండాన్ని మోగించి బొటనవేలి కణుపు ఎముక మీద ఆనించాలి. ముందు రోగి ఛాతీ ఎముక మీద ఆనించి, కంపనం అంటే ఎలా ఉంటుందో రుచి చూపించాలి. లేకపోతే చల్లటి ఇనుము తగిలిన సంగతిని కంపనంగా చెప్పేస్తాడు. కళ్ళు మూయించి, ఆగిపోయిన వెంటనే చెప్పమనాలి. రోగి ఆగిందన్నాక పరీక్షకుడు దాన్ని తన వేలి కణుపుకు తగిలించుకున్నప్పుడు ఇంకా కొట్టుకుంటూనే ఉంటే కంపన జ్ఞానం తగ్గినట్టు. పెద్ద తంతువుల దెబ్బను ఇది తొందరగా పట్టిస్తుంది. అరవై డెబ్బై ఏళ్ళు దాటినవారిలో వయసువల్ల కూడా కొంత తగ్గుతుంది కాబట్టి ఆ లెక్క మనసులో ఉంచుకోవాలి.

నైలాన్ పోగు పరీక్ష పేరు మోనోఫిలమెంట్. గాలపు తీగ లాంటి పోగును పిడికి బిగించి తయారుచేస్తారు. సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడికి అది వంగుతుంది. పాదం మీద ఆనించి, పోగు విల్లులా వంగేదాకా నొక్కి, ఒక సెకను ఆగి తీసేయాలి. తగిలిందా అని అడగకూడదు. ఎప్పుడు తగిలితే అప్పుడు చెప్పమనాలి. డెల్టాలో పొలం పనివారి అరికాళ్ళు కాయలు కాసి, పగుళ్ళు తేలి ఉంటాయి. కాయ కట్టిన చోట పోగు పెడితే ఆరోగ్యవంతుడికీ తెలియదు. కాయను తప్పించి, వేళ్ళ మెత్తటి భాగాల మీద, పాదం పైవైపున పెట్టి చూడాలి. కాళ్ళు నీరు పట్టి ఉబ్బిన రోగిలో కూడా జవాబు నమ్మదగినది కాకపోవచ్చు. నీరు తగ్గాక మళ్ళీ చూడటమే మంచిది.

సన్నటి తంతువుల సంగతి తెలియాలంటే నొప్పి, వేడి, చల్లదనం చూడాలి. రెండు గాజు గొట్టాల్లో గోరువెచ్చటి నీరు, చల్లటి నీరు పోసి మార్చి మార్చి తాకిస్తే సరిపోతుంది. పొడవడానికి ఒకసారి వాడి పారేసే సూది వాడాలి. హెపటైటిస్ బి, సి ఉన్నవారి మధ్య ఒకే సూది తిరగకూడదు. మడమ వెనక పట్టీని సుత్తితో తట్టినప్పుడు పాదం కదలకపోతే అది కూడా ముఖ్యమైన ఆధారం. మోకాలి దగ్గర కదలిక ఉండి, మడమ దగ్గర లేకపోతే శివారు దెబ్బ అని ఇంచుమించు తేలినట్టే.

పరికరమేదీ లేనిచోట వేలితో చేసే పరీక్ష ఒకటుంది. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు చక్కెర రోగుల కోసం దీన్ని రూపొందించారు. రోగి కళ్ళు మూసుకుంటాడు. ఇంటివాళ్ళో, ఆశా కార్యకర్తో రెండు పాదాల బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలి కొసలను చూపుడు వేలితో ఒకటి రెండు సెకన్లు మెత్తగా తాకుతారు. ఆరింటిలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టు లెక్క. దీన్ని నిగ్గు తేల్చింది మధుమేహంలో; కాలేయ రోగిలో అది వైద్యుడి దగ్గరకు వెళ్ళమని చెప్పే సూచనగా పనికొస్తుంది.

ఈ పరీక్షలన్నిటికీ ఒక షరతు ఉంది: రోగి మనసు తేటగా ఉండాలి. సిరోసిస్‌లో విషపదార్థాలు మెదడుకెక్కి మబ్బు కమ్మినప్పుడు, పగలు నిద్ర, రాత్రి మెలకువ, మాట తడబాటు కనిపిస్తాయి. చేతులు చాపి మణికట్లు పైకెత్తి పట్టుకోమంటే అరచేతులు పక్షి రెక్కల్లా కిందికి కొట్టుకుంటాయి. ఆ స్థితిలో అడిగిన ప్రతిదానికీ తెలుస్తోందండీ అనో, తెలియట్లేదండీ అనో అనేస్తారు. ముందు ఆ మబ్బుకు చికిత్స చేసి, తేరుకున్నాక పరీక్ష మళ్ళీ చెయ్యాలి.

అసంకల్పిత నరాల పరీక్ష చాలాచోట్ల అసలు జరగదు. జరగాలి, ఎందుకంటే ఈ నరాలు దెబ్బతిన్న సిరోసిస్ రోగుల్లో మరణాలు ఎక్కువగా ఉన్నాయని 1992లో ఇంగ్లండులోని షెఫీల్డ్ వైద్యులు లాన్సెట్‌లో చూపించారు. దీనికి బీపీ యంత్రం, ఈసీజీ చాలు. పడుకోబెట్టి బీపీ చూసి, లేపి నిలబెట్టి మూడు నిమిషాల లోపు మళ్ళీ చూస్తారు. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే తేడా ఉన్నట్టు. తర్వాత నిమిషానికి ఆరుసార్లు చొప్పున నిండుగా ఊపిరి పీల్చి వదలమని ఈసీజీ తీస్తారు. ఊపిరి పీల్చేటప్పుడు గుండె వేగం పెరగడం, వదిలేటప్పుడు తగ్గడం సహజం. ఆ తేడా నిమిషానికి 15 కొట్టుకోళ్ళు ఉంటే మంచిది, 10 కన్నా తక్కువుంటే నరం దెబ్బతిన్నట్టు. లేచి నిలబడ్డాక 15వ, 30వ కొట్టుకోళ్ళ దగ్గర విరామాలను పోల్చి చూసే పద్ధతి కూడా ఉంది. ఎడింబరో వైద్యుడు ఈవింగ్ పేరుతో ఈ పరీక్షల వరుస ప్రసిద్ధం. సిరోసిస్ రోగులు ప్రొప్రనొలాల్, కార్వెడిలాల్ లాంటి మాత్రలు, నీరు తీసే మాత్రలు వాడుతుంటారు. అవి ఈ అంకెలను మార్చేస్తాయి కాబట్టి మందుల చీటీ పక్కన పెట్టుకుని చదవాలి.

రక్తపరీక్షల్లో కాలేయ రోగి రెండుచోట్ల వైద్యుణ్ణి తప్పుదారి పట్టిస్తాడు. మొదటిది బి12. దెబ్బతిన్న కాలేయ కణాల నుంచి దాచిన బి12 రక్తంలోకి కారుతుంది, అందువల్ల కణాలకు కొరత ఉన్నా రక్తంలో అంకె మామూలుగానో ఎక్కువగానో కనిపిస్తుంది. అనుమానం ఉంటే మిథైల్ మలోనిక్ ఆమ్లం పరీక్ష నిజం చెబుతుంది. రెండోది మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ. ఉబ్బిన ప్లీహం ఎర్రకణాలను తొందరగా నలిపేసే సిరోసిస్‌లో ఈ అంకె ఉన్నదానికన్నా తక్కువగా వస్తుంది. పరగడుపు చక్కెర, తిన్నాక చక్కెర విడిగా చూడాల్సిందే. వీటితో పాటు హెపటైటిస్ బి, సి, థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలు అవసరం. హెపటైటిస్ పరీక్షలు, మందులు 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఉచితం.

చేత్తో చేసిన పరీక్షలో తేలినదాన్ని అంకెల్లోకి మార్చేది నాడీ ప్రసరణ పరీక్ష. నరంలో వార్తకు కొలవదగిన వేగం ఉందని 1850లో జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప కాలి మీద చూపించాడు. ఇప్పటి యంత్రం పని కూడా అదే. బయటివైపు చీలమండ వెనక పిక్క నరం పోతుంది. అక్కడ చర్మం మీద రెండు చిన్న పట్టీలు అంటించి, 14 సెంటీమీటర్ల పైన పిక్క మీద చిన్న విద్యుత్ తట్టు ఇస్తారు. కరెంటు షాక్ అనగానే చాలామంది బిగుసుకుపోతారు. తువ్వాలుతో కొట్టినట్టు చురుక్కుమంటుందే తప్ప ప్రమాదం లేదు. తెర మీద ఒక చిన్న అల లేస్తుంది. దాని ఎత్తు మైక్రోవోల్టుల్లో, అంటే వోల్టులో పది లక్షల వంతుల్లో ఉంటుంది. ఆరోగ్యవంతుల్లో ఎత్తు సాధారణంగా 6 మైక్రోవోల్టుల పైన, వేగం సెకనుకు 40 మీటర్ల పైన ఉంటాయి. అల ఎత్తు తగ్గితే తంతువుల సంఖ్య తగ్గినట్టు. ఎత్తు ఉండి వేగం బాగా పడిపోతే తొడుగు ఊడినట్టు. కాలేయ రోగుల్లో తరచూ మొదట కుంగేది పిక్క నరపు అల ఎత్తే. రోగి ఏ బాధా చెప్పని దశలో కూడా ఇది దొరుకుతుంది.

ఈ అంకెలను పాడుచేసేవి కొన్ని ఉన్నాయి. చర్మం ఒక డిగ్రీ చల్లబడితే వేగం సెకనుకు ఇంచుమించు 2 మీటర్లు తగ్గుతుంది. రాజమండ్రి ఎండల్లో వచ్చిన రోగిని ఏసీ గదిలో గంటసేపు కూర్చోబెట్టి పరీక్షిస్తే లేని జబ్బు కనిపిస్తుంది. పాదాన్ని వెచ్చబెట్టి, ఉష్ణోగ్రత రాసుకున్నాకే మొదలుపెట్టాలి. కాలి వాపు అల ఎత్తును తగ్గిస్తుంది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం చేతిపని వారిలో మామూలు, దాన్ని కాలేయానికి అంటగట్టకూడదు. కండరంలోకి సూది దించే ఈఎంజీ పరీక్ష ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండి రక్తం గడ్డకట్టని సిరోసిస్ రోగిలో రక్తస్రావం తెచ్చే అవకాశం ఉంది కాబట్టి తప్పనిసరైతేనే చేస్తారు. పట్టీలతో చేసే ప్రసరణ పరీక్షకు ఆ భయం లేదు.

అరికాళ్ళు భగ్గున మండుతున్నా ప్రసరణ పరీక్ష నిక్షేపంగా ఉండవచ్చు. ఆ పరీక్ష లావు తంతువులనే చూస్తుంది. మంట, నొప్పి మోసేవి సన్నటి తంతువులు. అలాంటప్పుడు చీలమండకు 10 సెంటీమీటర్ల పైన 3 మిల్లీమీటర్ల చర్మపు ముక్క తీసి, పైపొరలో ఎన్ని నరపు కొసలు ఉన్నాయో లెక్కపెడతారు. రిపోర్టు మామూలుగా ఉందని రోగి మంట అబద్ధమనడం తప్పు.

నరాల దెబ్బ ఉందని తేలాక, అది కాలేయానిదేనా అన్న ప్రశ్న మిగులుతుంది. ఒక కాలికే ఉంటే, నడుము నుంచి కిందికి లాగితే వెన్నుపూసల మధ్య నొక్కుడు కావచ్చు. స్పర్శ లేని మచ్చలు, మోచేతి వెనక తడిమితే తాడులా తగిలే నరం ఉంటే కుష్ఠు కోసం వెతకాలి. నరసాపురంలో బెథెస్డా కుష్ఠు ఆసుపత్రి ఉన్న ప్రాంతంలో ఆ సంగతి వైద్యులు మరువరు. ఉన్నట్టుండి ఒక పాదం వేలాడిపోయి, వారానికి ఇంకో చేయి పడిపోతే అది శివారు దెబ్బ కాదు. హెపటైటిస్ బి వల్ల రక్తనాళాలు వాచి, లేదా హెపటైటిస్ సి వల్ల క్రయోగ్లోబులిన్లు అనే ప్రోటీన్లు పేరుకుని నరాలకు రక్తం ఆగిపోయిందేమోనని వెంటనే చూడాలి. ఆలస్యం చేస్తే తిరిగిరాదు. మందుల చీటీ మళ్ళీ చదవాలి. మెదడు మబ్బుకు నెలల తరబడి వాడే మెట్రోనిడజోల్, క్షయకు ఇచ్చే ఐసోనియాజిడ్ నరాలను దెబ్బతీస్తాయి. బలానికని అతిగా మింగిన బి6 కూడా దెబ్బతీస్తుంది. కామెర్లకు వాడిన నాటు మందుల్లో సీసం, ఆర్సెనిక్ ఉండే అవకాశం ఉంది. రోగి అడిగితే తప్ప వాటి సంగతి చెప్పడు, కోప్పడకుండా అడిగితేనే చెబుతాడు.

కాలేయం వల్ల నరం చెడటానికి పూర్తిగా వేరే దారి కూడా ఉంది. ట్రాన్స్‌థైరెటిన్ అమిలాయిడోసిస్ అనే వంశపారంపర్య జబ్బులో కాలేయం చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది, కానీ అది తయారుచేసే ఒక ప్రోటీన్ నరాల్లో గడ్డకట్టి వాటిని చంపుతుంది. 1990లో స్వీడన్‌లో దీనికి కాలేయ మార్పిడినే మందుగా వాడారు.

కనుక్కున్నాక చేయవలసినవి కారణాన్ని బట్టి మారతాయి. మద్యం పూర్తిగా ఆపాలి, థయమిన్, బి12 పూడ్చాలి, చక్కెర అదుపులో పెట్టాలి, వైరస్‌కు మందు వాడాలి, నరాన్ని తినే మాత్ర మార్చాలి. ఒక హెచ్చరిక ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తిస్తుంది. నీరసంగా ఉందని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకోవడం ఇక్కడ పరిపాటి. తాగుడు వల్ల థయమిన్ అడుగంటిన మనిషికి ముందుగా థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కొద్దిపాటి విటమిన్ కూడా ఖర్చైపోయి, చూపు చెదిరి, నడక తప్పి, మతి తప్పే ప్రమాదం ఉంది. మంటకు ఇచ్చే మాత్రల్లోనూ జాగ్రత్త కావాలి. నరాల మంటకు మామూలుగా రాసే డ్యులాక్సెటిన్ దీర్ఘకాలిక కాలేయ వ్యాధిలో పనికిరాదు. గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ మూత్రపిండాల ద్వారా పోతాయి కాబట్టి కొంత నయం, అయితే మత్తు తెస్తాయి, మెదడు మబ్బు ఉన్నవారికి తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు సిరోసిస్‌లో మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

చచ్చుబడిన పాదాన్ని కన్నుతో కాపాడుకోవాలి. చెరువులో, మడిలో దిగేవారు ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, అరికాలు అద్దంలో చూసుకోవాలి, లేదా ఇంటివాళ్ళకు చూపించుకోవాలి. వేడినీళ్ళు కాలితో కాక మోచేతితో చూసుకోవాలి.

నరం మళ్ళీ పెరిగే వేగం రోజుకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. కారణం తొలగినా పిక్క నుంచి వేలి కొసదాకా చేరడానికి ఏడాది పట్టవచ్చు, కాబట్టి నెలకే మార్పు రాలేదని మందు మానకూడదు. కాలేయ మార్పిడి తర్వాత కొందరిలో నరాలు కోలుకుంటాయి. పరీక్ష మళ్ళీ చేసినప్పుడు అదే కాలు, అదే దూరం, అదే చర్మపు వెచ్చదనం ఉండాలి; పాత అంకెలు కొత్త అంకెల పక్కన రాయాలి. డెల్టాలో కాకినాడ రంగరాయ వైద్య కళాశాల 1958 నుంచి ఉంది, ఏలూరు, రాజానగరం, అమలాపురాల్లో వైద్య కళాశాలలు తర్వాత వచ్చాయి, 2023లో రాజమహేంద్రవరం, ఏలూరుల్లో ప్రభుత్వ కళాశాలలు మొదలయ్యాయి. ఒకచోట తీసిన రిపోర్టును రోగి మరోచోటికి పట్టుకెళ్ళినప్పుడు పోలిక కుదరాలంటే, పరీక్ష తేదీ, పాదం ఉష్ణోగ్రత, అప్పటి కాలి వాపు, వాడుతున్న మందులు ఆ కాగితం మీదే ఉండాలి.